సున్నంలో కలిపిన పసుపు

కొంచెం ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. ఇది గొంతెత్తి చెప్పుకునే సంగతి కాదు, కోటేశ్వరరావు ఇల్లు ఇక్కడికి రెండు గుమ్మాల అవతలే. పాపం, మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత నష్టం జరిగేదే కాదు. చెడ్డవాళ్ళు ఇంటిపనిలో చెయ్యి పెట్టరు కదా.

ఆ గురువారం పొద్దున తెనాలిలో అందరి ఇళ్ళలాగే వాళ్ళింట్లోనూ కాఫీలయ్యాయి. ఆయన భార్య భువనేశ్వరి రేపల్లె రైలుకి బయలుదేరుతోంది. మర్నాడు శుక్రవారం, వీధివైపు గదిలో ఆవిడ కర్రీ పాయింట్ తెరవబోతోంది. పెద్ద గిన్నెలు అక్క రంగమ్మ దగ్గర రేపల్లెలో ఉన్నాయి. అవి తెచ్చుకోవాలి. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. బాపట్లలో పిల్లల హాస్టలు మెస్సు నడిపే శశిధర్, రంగమ్మకి తెలిసినవాడు, శుక్రవారం వచ్చి పచ్చళ్ళు రుచి చూస్తానన్నాడు. నచ్చితే ఏడాది పొడుగునా ఆర్డరు. పెళ్ళైన దగ్గర్నుంచి ఇంటిల్లిపాదికీ వండి, చేతిని మెచ్చుకునే మాట ఒక్కటి వినని మనిషికి అది ఎంతటిదో మీకు వేరే చెప్పాలా?

"ఏమండీ, పెయింటర్ పౌలు వస్తాడు. గదికి పసుపురంగు వేయించండి. శుక్రవారం పూటా కళకళలాడుతూ ఉండాలి" అని ఆవిడ వెళ్ళింది.

పౌలు చెప్పిన వేళకే వచ్చాడు. "ఒక్క గదే కదా బాబాయ్, పూటలో అయిపోద్ది."

"పూటలో అయ్యే పనికి నువ్వెందుకయ్యా?" అని కోటేశ్వరరావు గుమ్మంలోంచే పంపేశాడు.

ఆయన పదవీ విరమణ చేశాక ఫోనులో ఇంటిపనుల వీడియోలు తెగ చూస్తున్నాడు. డబ్బా రంగుల్లో మందులుంటాయనీ, మన తాతల కాలపు సున్నమూ ప్రకృతి రంగులూ ఆరోగ్యమనీ ఎవరో చెప్పారు. ఇంట్లో సున్నం ఉంది. దుగ్గిరాల చుట్టాలు ఇచ్చిన పాత పసుపు పొడి బస్తా అటక మీద ఉంది. ఇంకేం కావాలి? గోడ శుభ్రంగా గీకాడు, తడిపాడు, కింద పాత పేపర్లు పరిచాడు. అంతవరకూ మేస్త్రీలు కూడా వంక పెట్టలేనంత పద్ధతిగా చేశాడు. తర్వాత బకెట్టెడు సున్నంలో పసుపు కుమ్మరించాడు.

సున్నంలో పసుపు పడితే ఎర్రనీళ్ళవుతాయని మనకి తెలుసు. చంటిపిల్లకి దిష్టి తీసినా, కొత్త దంపతులకి హారతి ఇచ్చినా కలిపేది అవే. ఆయన పెళ్ళిలోనూ పళ్ళెంతో తిప్పే ఉంటారు. అప్పుడు ఆయన చూపు పళ్ళెం మీద లేదేమో.

బకెట్టు నెత్తురులా ఎర్రబడింది. పసుపు చాల్లేదనుకుని ఇంకాస్త వేశాడు. ఇంకాస్త ఎర్రబడింది. తడిలో ఒక రంగు, ఆరాక ఒక రంగు కనిపిస్తుందని వీడియోలో విన్నమాట గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకున్నాడు. ఏ మూలో జానెడు మేర వేసి, ఎండనిచ్చి చూస్తే సరిపోయేది. ఆ ఓపిక లేక మధ్యాహ్నానికి నాలుగు గోడలూ పూసేశాడు. మిగిలింది తెచ్చి వీధిలో పారబోశాడు.

పక్కింటి మాణిక్యమ్మ కూరల సంచితో వస్తూ ఆ ఎర్రటి మడుగు ముందు ఠక్కున ఆగిపోయింది.

"అన్నయ్యా, ఎవరికి తీశారు దిష్టి?"

"గోడకమ్మా, గోడకి!" అన్నాడు విసుగ్గా.

"గోడకా? ఎవరు పెట్టారూ?"

ఆయన ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. ఆవిడ ముక్కున వేలేసుకుంది. "అయ్యో రాత! చీరమీద పసుపు మరక సబ్బు తగిలి ఎర్రబడితే నిమ్మకాయ రుద్దుతాం కదా, మళ్ళీ పసుపొచ్చేస్తుంది. గోడకి మాత్రం పనిచెయ్యదా ఏంటి?" అని, ఎందుకైనా మంచిదని మడుగుని దాటకుండా వీధి చుట్టూ తిరిగి తన ఇంటికి వెళ్ళింది.

ఆయన నిమ్మకాయల మార్కెట్టుకి పరిగెత్తి బుట్టెడు తెచ్చాడు. ఒక్కో కాయా కోసి గోడకి రుద్దాడు. రుద్దినచోట పసుపు రంగు రానే వచ్చింది. ఆ వెంటనే సున్నం బుసబుసా పొంగి పెచ్చుగా రాలింది. ఆపకుండా రుద్దాడు. కాసేపటికి గది ఎర్ర ఒంటిమీద చారలున్న పులిలా తయారైంది. రుద్దిన చెక్కలన్నీ కిటికీలోంచి వీధిలోకి గిరాటేశాడు. అవి వెళ్ళి సరిగ్గా ఆ ఎర్రనీళ్ళలో పడ్డాయి.

ఎర్రనీళ్ళు, వాటిలో కోసిన నిమ్మకాయలు. ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆటోవాళ్ళు వీధి మలుపులోనే వెనక్కి తిప్పుకున్నారు. పాలాయన వాళ్ళింటి పాలు మాణిక్యమ్మ గుమ్మంలో పెట్టిపోయాడు. మార్కెట్టులో నిమ్మకాయలమ్మినాయన "బుట్టకి బుట్టే పట్టుకెళ్ళాడండి, మామూలు దిష్టి అయ్యుండదు" అన్నాడట. సాయంత్రానికి ఆ ఇంట్లో ఎవరో చేతబడి చేశారని పొన్నూరు బస్సులో కూడా చెప్పుకున్నారు.

శుక్రవారం పొద్దున్నే భువనేశ్వరిని గిన్నెలతో సహా ఆటో వీధి చివరే దించేసింది. ఆవిడ గుమ్మంలో నిలబడి గోడ వంక ఒక్కసారి చూసింది.

"సున్నంలో పసుపు కలిపారా?"

"నీకెలా తెలుసు?"

"ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసండీ."

గిన్నెలు లోపల పెట్టింది. వీధి కడిగింది. స్నానం చేసి పొయ్యి వెలిగించింది. గోంగూర పచ్చడి, దోసకాయ పప్పు, గుత్తివంకాయ కూర. వీధంతా ఘుమఘుమలాడింది. వాసన అన్ని ఇళ్ళకీ వెళ్ళింది, మనుషులే ఎవరూ రాలేదు.

వచ్చిందల్లా శశిధర్ ఒక్కడే. వీధి మొదట్లో ఎవరు ఏం చెప్పారో, బండి దూరంగా ఆపి నడిచి వచ్చాడు. గడప దగ్గర నిలబడి పులిచారల గోడ చూశాడు. లోపల అడుగు పెట్టలేదు.

"ఇది రంగు బాబూ, ఉత్త రంగు! నేనే వేశాను" అన్నాడు కోటేశ్వరరావు చెమటలు తుడుచుకుంటూ.

"అయ్యుండొచ్చండి. నాకు నమ్మకాల్లేవండి. కానీ పిన్నిగారూ, పిల్లల తిండి. రేపొకడికి కడుపు నొప్పి వస్తే వాళ్ళమ్మలు ఊరుకోరండి."

"ఒక్క ముద్ద రుచి చూసి వెళ్ళు నాయనా" అంది భువనేశ్వరి, గిన్నె మూత తీసి.

అతను ఆ గిన్నె వైపు చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

కోటేశ్వరరావు వచ్చి ఆవిడ ముందు కూలబడ్డాడు. "తిట్టు భువనా. నాలుగు మాటలు తిట్టు."

"ఆ మూత ఇటివ్వండి. ఈగలు వాలుతున్నాయి" అంది ఆవిడ. తిడితే ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టేది.

వారం తిరక్కుండా రేపల్లె నుంచి రంగమ్మ ఫోను. శశిధర్ ఆ పచ్చళ్ళ ఆర్డరు ఆవిడకే ఇచ్చాడట. "నాకేమో ఉప్పు పాళ్ళు కూడా తెలియవు. ఒప్పేసుకున్నానే చెల్లీ. నువ్వొచ్చి చేసిపెట్టాలి. మీ ఇంటి పేరు మాత్రం ఎత్తకు" అంది. అప్పట్నుంచీ భువనేశ్వరి రోజూ పొద్దున రేపల్లె రైలెక్కుతోంది. ఆవిడ చేతి గోంగూర అక్క పేరు అంటించుకుని బాపట్ల వెళ్తోంది. పిల్లలు అన్నం మారు వడ్డించుకుంటున్నారట. ఆ కబురు తెలిసిన రోజు ఆవిడ నవ్వింది కానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

గోడ సంగతి చెప్పనేలేదు కదూ. సున్నం బాగా ఎండేకొద్దీ, కిటికీ ఎండ తగిలేకొద్దీ, ఆ ఎరుపు రోజురోజుకీ దానంతటదే విరిగిపోయింది. చివరికి చామంతి రేకులాంటి లేత పసుపుకి వచ్చి నిలిచింది, ఆవిడ కోరుకున్న రంగే. ఎవరూ ఏమీ చెయ్యకుండా ఊరుకుని ఉంటే చాలు. ఆయన నిమ్మకాయతో బాగుచేసిన చోట్ల మాత్రమే పెచ్చులూడి ఇటుక కనిపిస్తోంది. కోటేశ్వరరావు ఆ ఖాళీ గదిలో కుర్చీ వేసుకుని, ఆ గోడనే చూస్తూ రైలు తిరిగొచ్చే వేళ కోసం కూర్చుంటున్నాడు.

కాబట్టి తల్లీ, ఇది గుర్తుపెట్టుకోండి, తెలిసినవాళ్ళకి చెప్పండి. బాపట్లలో ఎవరైనా రంగమ్మగారి గోంగూర అంటూ లొట్టలేస్తే, అది తెనాలి భువనేశ్వరి చెయ్యి అని చెప్పండి. సీసా మీద లేని పేరు మీ నోట్లోనైనా ఉండాలి. గోడ ఎలా ఉందని అడిగితే, రంగు బాగానే కుదిరిందని చెప్పండి.