ఒకే ఎత్తున రెండు మేకులు

హుజూర్‌నగర్ దారిలోని రైస్ మిల్లులో జాతి వివక్ష ఉంటే ఇరవై నాలుగు గంటల్లో నిర్మూలిస్తామని, లేకపోతే పన్నెండు గంటల్లోనే నిర్మూలిస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఇరవై ఏళ్లుగా విలేకరిగా ఉన్నాను, ఇంత నిక్కచ్చి మాట వినలేదు.

ఫిర్యాదు చేసింది బిరేన్, అస్సాం నుంచి వచ్చిన హమాలీ. తనను అందరూ ‘చైనా’ అంటున్నారనీ, టీ వేరే గ్లాసులో పోస్తున్నారనీ, అది తనే కడిగి బయట గోడ మేకుకు తగిలించాలనీ రాశాడు. ఆ రోజే మిల్లు సేటు అతన్ని పనిలోంచి ఆపేశాడు. ఆరోపణ రుజువు కాకపోతే ఇక రానక్కర్లేదన్నాడు.

ఎంక్వైరీ ఆఫీసర్ కృష్ణకాంత్ గారు సేటు ఇంట్లో భోంచేసి, కాసేపు పడుకుని, ఆ తర్వాతే విచారణ మొదలుపెట్టారు. నిష్పక్షపాతమంటే అదీ!

"చైనా అని పిలిచిన్రా?"

"ప్రేమతోటి సార్. బిరేన్ అంటే నోరు తిరుగుతలేదు," అన్నాడు సేటు.

"మరి గ్లాసు?"

"ఫికర్ జేయకున్రి. సాక్షి ఉన్నది."

సాక్షి బిక్షమ్మ, మిల్లు ఊడ్చే మనిషి.

"నీకు టీ దేంట్ల పోస్తరమ్మా?"

"నా గ్లాసు నాకే సారూ. మేకుకు ఉంటది."

"ఎప్పటిసంది?"

"మా అవ్వ నాటిసంది. గప్పుడు కొబ్బరిచిప్ప ఉండె."

"నీది అస్సామా?"

"అయ్యో, నేను గీ ఊరిదాన్నే సారూ! సేటుకు ఎర్కే."

కృష్ణకాంత్ గారి మొహం వెలిగిపోయింది. అక్కడే రిపోర్టు చెప్పి రాయించారు: ‘స్థానికురాలికీ వేరే గ్లాసే, వలస కార్మికుడికీ వేరే గ్లాసే. కావున జాతి వివక్ష లేదు.’ నేను లేచి చప్పట్లు కొట్టాను.

మర్నాడు మంత్రిగారే వచ్చి మిల్లుకు సమానత్వ పురస్కారం ఇచ్చారు. తప్పుడు ఫిర్యాదు చేసినా సరే, బిరేన్‌ను పనిలోకి తీసుకోమన్నారు. ఎంత పెద్ద మనసు! పోతూ పోతూ గోడ దగ్గర ఆగారు. బిరేన్ మేకు బిక్షమ్మ మేకు కంటే రెండంగుళాలు కిందికుంది. మండిపడ్డారు. టేపు తెప్పించి, దగ్గరుండి కొలిపించి, రెండూ ఒకే ఎత్తున కొట్టించారు. ఫొటోలు తీశాం. ఆ తర్వాత లోపల మాకు పింగాణీ కప్పుల్లో టీ ఇచ్చారు. యాలకులు వేశారు, బాగుంది.

బయటికొచ్చేసరికి గోడ దగ్గర బిరేన్ గ్లాసు పట్టుకుని వచ్చీరాని తెలుగులో అడుగుతున్నాడు.

"అమ్మా, నేను గెలిచినానా?"

"గెల్సినవు బిడ్డా," అంది బిక్షమ్మ. "జల్ది తాగి, కడిగి తగిలియ్."