గాలనుకు ఒక అణా

ఆ రోజు ఉదయం పలకల ఫ్యాక్టరీ యజమాని ఉమామహేశ్వర్లు పెట్టుకున్నవి రెండే పనులు. ఏడు గంటలకల్లా పలకల లారీని స్టేషనుకు పంపడం ఒకటి. పదకొండు గంటలకు ట్రావెలర్స్ బంగళాలో ఆఫీసరుగారి ముందు నిలబడి పెట్రోలు మీద పన్ను పెంచమని అడగడం రెండోది. రెండూ న్యాయమైన పనులే. ఒకే పూట రెండు న్యాయమైన పనులు పెట్టుకోకూడదని పాపం ఆయనకు అప్పటికి తెలియదు.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడి రెండేళ్ళు కావస్తోంది. రాజధాని కర్నూలు, జిల్లా కేంద్రమూ కర్నూలే. అందువల్ల మార్కాపురం వాళ్ళకు ప్రభుత్వం ఎక్కడుందో వెతుక్కునే పని తప్పింది. అది తమవైపు ఎప్పుడు చూస్తుందా అన్నదే మిగిలింది. ఇన్నాళ్ళకు చూసింది. గాలను పెట్రోలుకు ఇంకో అణా పన్ను వేసి ఆ డబ్బుతో రోడ్లు బాగుచేయించవచ్చునా అని జనాన్ని అడగడానికి ఒక ఆఫీసరును వేశారు. ఆయన పదింటి రైలు దిగి, స్టేషను నుంచి జీపులో ఊళ్ళోకి వస్తాడు.

స్టేషనుకూ ఊరికీ మధ్య దూరం అయిదారు మైళ్ళే. ఉమామహేశ్వర్లు ప్రాణమంతా ఆ అయిదారు మైళ్ళలోనే ఉంది. గనిలోంచి రాయి తీసి, పొరలు చీల్చి, నునుపు చేసి, చుట్టూ చెక్క బిగించేదాకా పగలని పలక, లారీ ఎక్కి వాగు దాటేసరికి పగిలేది. పోయిన నెల పంపిన నాలుగు వేలలో తొమ్మిది వందలు బీటలిచ్చాయి. బెజవాడ హోల్‌సేలు వ్యాపారి మర్యాదగా ఉత్తరం రాశాడు: ఈసారి తన గుమాస్తా రాజరత్నం స్వయంగా స్టేషనుకు వచ్చి సరుకు చూసుకుంటాడనీ, వంద కంటే ఎక్కువ పగిలితే ఇకమీదట రేకు పలకలు తెప్పించుకుంటాననీ. బడులు తెరిచే ముందు ఆ బేరం పోతే ఫ్యాక్టరీ మూతపడినట్టే. దాని మీద బతికే పనివాళ్ళు ఇరవై ఇద్దరు.

లారీ మజీద్‌ది. యుద్ధంలో వాడి వదిలేసిన మిలటరీ బండి. ఆరున్నరకే వచ్చి వాకిట్లో ఆపి, టీ గ్లాసు చేత పట్టుకుని తగాదాకు దిగాడు.

"అన్నా, నువ్వు పన్ను వెయ్యమని చెప్తావంటనే బంగళాలో?"

"చెప్తా. ఒకటి కాదు, రెండణాలు వెయ్యమంటా. రోడ్డు బాగుపడాల్నా, వద్దా?"

"నీదేం పోయింది, నీది పలక. పెట్రోలు తాగేది నా లారీ గదా! పన్ను నేను కట్టాల, నీ పలక సుఖంగ పోవాల్నా?"

"లారీ కింద కమానుపట్టీ నెలకొకటి ఇరగ్గొట్టుకుంటాండావే, అది పన్ను కాదా? గుంతలకు కట్టే బదులు గవర్నమెంటుకు కట్టు."

"గుంతకు కడితే గుంతన్నా కనపడతాది అన్నా. గవర్నమెంటుకు కడితే ఏం కనపడతాది?" అని మజీద్ గ్లాసు కింద పెట్టాడు. "సరేగానీ, పెట్టెలు వాకిట్లోకి చేర్పించు. పెట్రోలు పోయించుకోని అరగంటలో వస్తా."

లారీ అలా వెళ్ళిందో లేదో, రోడ్డు మేస్త్రీ చిన్నయ్య వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము, ముఖమంతా నవ్వు.

"శెట్టిగారూ, మీ దొడ్లో పారబోసిన పలకరాతి ముక్కలు నాలుగు బండ్లు తోలుకున్నాం. వాగుకు అటూ ఇటూ ఉండే పదకొండు గుంతలూ పూడ్చి, పైన గరుసు మట్టి చల్లి దిమ్మిసతో గట్టిగ కొట్టినాం. చెంబు నిండా పాలు పెట్టుకోని బండెక్కినా తొణకవు. ఆఫీసరు నడుముకు దెబ్బ తగిలిందంటే నా ఉద్యోగం పోతాది గదయ్యా!"

"ఎంతసేపు పట్టింది?"

"మూడు గంటలు. ఎనిమిది మందిమి."

మూడేళ్ళుగా అర్జీలు పెడుతుంటే కాని పని మూడు గంటల్లో అయిందా అని ఉమామహేశ్వర్లు ఒక్క క్షణం ఆశ్చర్యపోయాడు. మరుక్షణం ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. ఈ పూట తన పలకలు పూలమీద నడిచినట్టు వెళతాయి! చిన్నయ్యకు మజ్జిగ ఇమ్మని లోపలికి కేకేశాడు. భార్య రామతులసమ్మ మజ్జిగతో పాటు ఒక ప్రశ్న కూడా పట్టుకొచ్చింది.

"ఏమండీ, పదకొండింటికి మీరు పోయి రోడ్డు నాశనమైంది, పన్నేసి బాగుచెయ్యండి అంటారు గదా. ఆయన ఆ రోడ్డు మీదనే గదా వచ్చింటాడు? నవ్వడా?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. మెత్తగా వచ్చి దిగిన ఆఫీసరు, ఈ తాలూకాకు పన్నూ అక్కర్లేదు, రోడ్డూ అక్కర్లేదని రాసుకుని పోతాడు. వారం తిరక్కుండా గరుసు లేచిపోయి గుంతలు మళ్ళీ బయటపడతాయి. పలకలకు ఈ పూట రోడ్డు బాగుండాలి, వాదనకు ఈ పూటే రోడ్డు బాగుండకూడదు. ఉమామహేశ్వర్లు వాకిట్లో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. చిన్నయ్య మజ్జిగ తాగి వెళ్ళేదాకా ఆగి, గనిలో పనిచేసే జ్ఞానయ్యను పిలిపించాడు.

జ్ఞానయ్యలో ఒక గొప్ప గుణం ఉంది. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. అది గుణమేనని ఉమామహేశ్వర్లు ఆ పొద్దుటి దాకా నమ్మాడు.

"పదిమందిని తీసుకోని గడ్డపారలతో వాగు కాడికి పో. మజీద్ లారీ దాటేదాకా ఏదీ ముట్టొద్దు. దాటిందా, పదకొండు గుంతలూ ఎప్పటి మాదిరి తవ్వేయండి. పదింటి లోపల కావాల."

"అట్లనే శెట్టిగారూ."

ఇక కూర్చుని లారీ కోసం చూడసాగాడు. ఏడున్నరయింది. ఎనిమిదయింది. పెట్టెలు వాకిట్లో బారులు తీరి ఉన్నాయి. మజీద్ లేడు, లారీ లేదు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా లారీ చప్పుడు వినిపించింది. మజీద్ దిగాడు. గడ్డం, కనుబొమలు, టోపీ అన్నీ దుమ్ముతో ఒకే రంగు.

"యా అల్లా! అన్నా, నీ పన్ను పాడుగాను! పన్ను పెరుగుతాదని తెలిసి ఆ పెట్రోలు పంపు ఆయన సరుకు దాచిపెట్టి, గంటసేపు నిలబెట్టి, లేదు పొమ్మన్యాడు. బండిలో ఉండే నాలుగు చుక్కలతో స్టేషను దాకా పోయి, తెలిసినాయన కాడ డబ్బా పెట్రోలు పోయించుకోని వస్తాండా."

ఉమామహేశ్వర్లు లేచి నిలబడ్డాడు. "స్టేషను దాకా పోయినావా? వాగు దాటినావా?"

"దాటకుండా ఎట్ల పోతా? పోయేటప్పుడు రోడ్డు అద్దం మాదిరుంది, కల గంటాండానా అనుకున్యా. తిరిగొచ్చేటప్పటికి గుంతలు మళ్ళా మొలుస్తాండాయ్! ముందుకన్నా లోతుగ! నీ మనుషులే తవ్వతాండారు. ఏందిరా ఇదంటే, 'నీ లారీ దాటింది గదా' అంటాడు ఆ జ్ఞానయ్య!"

ఉమామహేశ్వర్లు పలకల పెట్టె మీద కూలబడి రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు. పన్నెండు గంటల గూడ్సుకు సరుకు ఎక్కకపోతే బేరం పోతుంది. ఎక్కించాలంటే ఆ గుంతల్లోంచే పోవాలి. చిన్నయ్యకు కబురు పెట్టి, సిగ్గు విడిచి జరిగింది చెప్పాడు. చిన్నయ్య తలపాగా తీసి నేలకేసి కొట్టాడు.

"ఎంత పని చేసినావయ్యా! పిల్లలు గలవాణ్ణి! నా ఉద్యోగం తియ్యడానికి నీకు నా గుంతలే దొరికినాయా?"

"తిట్టేది తర్వాత తిట్టు నాయనా. సైకిలెక్కి పో. అన్నీ మళ్ళా పూడ్చమని చెప్పు. మేం వెనకనే వస్తాండాం."

చిన్నయ్య తొక్కిన తొక్కుడికి సైకిలు చైను ఊడిపోకపోవడం విశేషమే. వాగుకు ఇవతలి గట్టున అయిదు గుంతలు, అయిదుగురు మనుషులు. వాళ్ళ చేత పూడ్పించడం మొదలుపెట్టి, భయంకొద్దీ తానూ గంప ఎత్తాడు. అవతలి గట్టున ఆరు గుంతలు, మిగతావాళ్ళతో జ్ఞానయ్య. చిన్నయ్య అతని వైపు చేతులు గట్టిగా ఊపాడు. అంత దూరం నుంచి మేస్త్రీ అంతలా చేతులూపితే, ఏ కూలివాడైనా పని త్వరగా కానిమ్మంటున్నాడనే అనుకుంటాడు. జ్ఞానయ్యా అదే అనుకుని గడ్డపార ఇంకా బలంగా వేశాడు.

లారీ వచ్చేసరికి పది దాటింది. మజీద్ పక్కన ఉమామహేశ్వర్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఒక గుంత మెత్తగా దాటింది. రెండు, మూడు, అయిదు. ఎండిపోయిన వాగు కూడా దాటింది. ఒక్క పెట్టె కదలలేదు. ఆయన కళ్ళు మూసుకుని ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ దండం పెట్టాడు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా జీపు. ఎన్నడూ వేళకు రాని రైలు ఆ రోజు వేళకు వచ్చింది. కొత్తగా తవ్విన గుంతను తప్పించబోయి జీపు రోడ్డు మధ్యకు వచ్చింది. జీపును తప్పించబోయి మజీద్ పక్కకు తిప్పాడు. ఆ పక్కన జ్ఞానయ్య అప్పుడే ఎంతో శ్రద్ధగా పూర్తి చేసిన గుంత ఉంది. ముందు చక్రం అందులోకి దిగింది, కమానుపట్టీ ఫట్టుమంది, లారీ ఒరిగింది, వెనక పెట్టెలన్నీ ఒకదాని మీదొకటి జారి రోడ్డు మీద పడ్డాయి. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. ఆ చప్పుడుకే ఉమామహేశ్వర్లుకు లెక్క తెలిసిపోయింది.

జీపులోంచి సన్నగా పొడుగ్గా ఉన్న ఆఫీసరు దిగాడు. లారీని చూశాడు, గడ్డపారలను చూశాడు.

"ఎవరయ్యా మీరంతా? రోడ్డెందుకు తవ్వుతున్నారు?"

"మా శెట్టిగారు తవ్వమన్యారు దొరా," అన్నాడు జ్ఞానయ్య వినయంగా.

"మరి ఆ గట్టున పూడుస్తున్నవాళ్ళెవరు?"

"వాళ్ళూ మావాళ్ళే దొరా. అదీ శెట్టిగారే చెప్పింటారు."

జీపు వెనక సీట్లోంచి ఇంకో మనిషి దిగాడు. అతనే రాజరత్నం. స్టేషనులో సరుకు కనపడక, ఆఫీసరును బతిమాలి జీపెక్కాడు. పగిలిన పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఒక్కో పలకా తీసి వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, బీటవారినదాన్ని పక్కన పెట్టసాగాడు. పక్కనపెట్టిన దొంతర పెరిగి పెరిగి నూటొకటి దగ్గర ఆగింది. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఇంకా చాలా ఉండాయి నాయనా, అన్నీ చూడు. మంచివి ఎన్నో ఉంటాయి," అన్నాడు ఉమామహేశ్వర్లు.

"వంద దాటాక లెక్కపెట్టమని మా యజమాని చెప్పలేదండీ," అన్నాడు రాజరత్నం. చెడ్డవాడు కాదు. ఆ మాట అనేటప్పుడు తల వంచుకున్నాడు.

ఉమామహేశ్వర్లు రోడ్డు మీదే కూర్చుని, అంతమంది ముందు పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇరవై ఏళ్ళ వ్యాపారం. తన చేత్తో తానే తవ్వించుకున్న గుంతలో పడింది.

పదకొండు గంటలకు బంగళాలో విచారణ మామూలుగానే మొదలైంది. మొదట మజీద్ లేచాడు. విరిగిన కమానుపట్టీ ముక్క చేతిలోనే ఉంది.

"వెయ్యండి సార్ పన్ను! అణా కాదు, నాలుగణాలు వెయ్యండి, కడతా! ఆ రోడ్డును మాత్రం ఎవరూ ముట్టకుండా చూడండి!"

తర్వాత ఉమామహేశ్వర్లు వంతు. వారం రోజులుగా బట్టీపట్టిన ఉపన్యాసంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఆఫీసరు అడిగాడు, "మీరు పన్ను పెంచాలంటారా, వద్దంటారా?"

"వద్దు సార్."

"ఎందుకని?"

"పొద్దున మా రోడ్డు బాగయింది సార్. ఒక్క అణా పన్ను లేకుండ, ఎనిమిది మంది, నాలుగు బండ్ల రాళ్ళు, మూడు గంటలు. తమరు వస్తాండారని బాగయింది. మాకు పన్నొద్దు, ఏమొద్దు. తమరు నెలకొకసారి రాండి సార్, చాలు."

చిన్నయ్య కిటికీ అవతలికి తప్పుకున్నాడు. ఆఫీసరు కలం తీసి చాలాసేపు రాశాడు. తన మాట పెద్దాయన మనసుకు తగిలిందనీ, పలకలు పోయినా ఊరికి మేలు జరుగుతుందనీ ఉమామహేశ్వర్లు ఆ కాసేపూ ఆశపడ్డాడు.

మూడు నెలలకు ఉత్తర్వులు వచ్చాయి, రెండు కాగితాలు. మొదటిదాని ప్రకారం పన్ను అణా పెరిగింది. మజీద్ ఆ పూటే ఆ అణాను కిరాయిలో కలిపి ఉమామహేశ్వర్లు దగ్గరే వసూలు చేశాడు. కిరాయికి వేసేందుకు సరుకు కూడా పెద్దగా లేదు. బెజవాడకు అప్పటికే రేకు పలకలు దిగాయి. ఇరవై ఇద్దరిలో పదహారు మంది వేరే ఊళ్ళకు పనికి పోయారు. పోనీ, రోడ్డన్నా బాగుపడుతుంది గదా అని ఆయన రెండో కాగితం తీసి చదివాడు. ప్రభుత్వ రోడ్డును తవ్విన నేరం మీద తన పైన విచారణ జరుగుతుందట. అది ముగిసేదాకా పదకొండు గుంతలూ సాక్ష్యం కింద లెక్కట, ఎవరూ పూడ్చరాదట, ఇప్పటికే పూడ్చిన అయిదింటినీ మళ్ళీ తవ్వించాలట. కాపలాకు ఇద్దరిని నియమించి, పెరిగిన పన్నులోంచి జీతాలు ఇవ్వాలట.

వచ్చిన కాపలావాళ్ళు మాత్రం చాలా నిజాయితీపరులు. ఈనాటికీ ఏ లారీ వచ్చినా ఎదురెళ్ళి, గుంతకు దెబ్బ తగలకుండా చూసుకుని పొమ్మంటున్నారు.