తొంభై రెండు డిగ్రీల కుట్ర

మా ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్తానంది. ఎన్నాళ్ళకో చెప్పలేదు. అడిగితే అలుసైపోతానని నేనూ అడగలేదు. మీరైనా అంతే చేసేవారు, బడాయిలు పోకండి.

మా కారు మా పెళ్ళంత పాతది. రెంటికీ రిపేర్లు ఎక్కువ, నడక తక్కువ. ఈ మధ్య కాస్త దూరం పోతే చాలు, పొగలు కక్కుతోంది. ఇంజనులో థర్మోస్టాట్ అని ఒక బుల్లి తలుపుంటుంది. నీళ్ళు వేడెక్కగానే అది తెరుచుకుని వాటిని రేడియేటర్‌లోకి పంపాలి. మాది మూసుకున్నది మూసుకున్నట్టే బిగుసుకుపోయింది. ఆదివారంలోగా కొత్తది వేయించమంది మా ఆవిడ.

అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. కొత్తది వేయించినట్టూ ఉండాలి, సగం దారిలో కారు ఉడకనూ ఉడకాలి. ఇంకేముంది, బండితో పాటు మమ్మల్నీ లాక్కొచ్చి ఇంటి ముందు దింపుతారు. ఆవిడ ప్రయాణం అటకెక్కుతుంది.

స్పేర్ పార్టుల కొట్టువాణ్ణి అందరూ బోల్టుల బావమరిది అంటారు. మా ఆవిడను అక్కా అంటాడు, ఆ లెక్కన నేను వాడికి బావను.

"ఎన్ని డిగ్రీలు బావా?" అన్నాడు.

నేను బడి మానేసింది ఎనిమిదిలో. ఆ సంగతి నలుగురిలో ఎత్తుతాడా అని ఒళ్ళు మండింది.

"నీకెన్ని ఉన్నాయేం?" అన్నాను. కొట్లో అందరూ నవ్వారు.

వాడు మాత్రం ఓపిగ్గా చెప్పాడు. ఎంత వేడికి తెరుచుకోవాలో ఆ అంకె దాని మీదే ఉంటుందట. మా కారుకు ఎనభై రెండు. తొంభై రెండుది వేరే బండికట, ఆలస్యంగా తెరుచుకుంటుందట. ఆలస్యం అన్న మాట చెవిలో తేనె పోసినట్టయింది. తొంభై రెండే బిగించమన్నాను. వాడు నా మొహం ఓసారి చూసి, సాయంత్రం రమ్మన్నాడు.

ఆదివారం ఆవిడ పెట్టె ఎత్తి వెనక సీట్లో పెట్టాను. నాలుగు రోజుల బరువు కాదది.

దారి పొడుగునా నా కళ్ళు వేడి ముల్లు మీదే. ఎత్తు ఎక్కాం, అది సగంలో కునుకు తీస్తోంది. ఏసీ వేశాను. చలేస్తోందని ఆవిడ ఆపేసింది. రెండో గేరులోనే లాగించాను. ఆ రొదకు చెవులు మూసుకుని గేరు మార్చమంది. పుట్టి బుద్ధెరిగాక ఆ కారు అంత బుద్ధిగా నడవలేదు.

"ఎనభై రెండే వేయించాను," అంది ఆవిడ, కిటికీలోంచి చూస్తూ. "మీరు తొంభై రెండు అడిగారని తమ్ముడు అప్పుడే ఫోన్ చేశాడు."

నేను రోడ్డు వైపు చూశాను.

"ఎందుకు అడిగారు?"

"అంకె పెద్దదైతే గట్టిదనుకున్నాను."

ఆవిడ నా వైపు తిరిగింది. "అంతేనా? ఇంకేం లేదా?"

"ఇంకేముంటుంది?"

వాళ్ళక్క గుమ్మం ముందు పెట్టె దింపాను. ఇంజను కాస్త చల్లారాక పోతాలే అన్నాను. ఆవిడ లోపలికి వంగి ముల్లు చూసింది.

"ఇదేం కాగలేదు. చీకటి పడకముందే బయల్దేరండి."

ఎక్కి కూర్చున్నాను. ఏనాడూ నాలుగైదుసార్లు బతిమాలందే కదలని బండి, తాళం అలా తిప్పగానే స్టార్టయింది.