సభ్యుడు కావలెను

ఆ ఉదయం రవికిరణ్ కొండాపూర్ హాస్టల్లో అద్దెకు తెచ్చిన కోటు తొడుక్కుని, అద్దం ముందు అధ్యక్షుడిలా నవ్వడం సాధన చేశాడు. యూనివర్సిటీ నాయకత్వ సంఘానికి ఆ రోజే ప్రమాణ స్వీకారం. వచ్చే వారం హైటెక్ సిటీ కంపెనీవాళ్లు ఇంటర్వ్యూలకు వస్తున్నారని బయోడేటాలో పదవిని ముందే అచ్చు వేయించేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సంఘంలో చేరినప్పుడు విద్యార్థులందరూ ఒక సర్వే నింపారు. జీవిత విలువల్లో సేవకు మొదటి స్థానం, అధికారానికి చిట్టచివరి స్థానం ఇచ్చారు. ఎన్నికలు రాగానే ఆ చివరి దాని కోసమే కొట్టుకు చచ్చారు. ఓటుకో పదవి పంచితే తప్ప రవికిరణ్ అధ్యక్షుడిగా గట్టెక్కలేదు. భరత్ ఉపాధ్యక్షుడు, బ్లెస్సీ కార్యదర్శి. తక్కినవాళ్లు సహాయ, సంయుక్త, గౌరవ, ఏదో ఒకటి. పోస్టర్ల విభాగానికి ముగ్గురు అధిపతులున్నారు గాని అంటించే నాథుడు లేడు.

"అధికారం కాదు, సేవే విలువ" అనే సదస్సుతో కార్యక్రమం మొదలుకావాలి. డీన్ భీమేశ్వరరావు వచ్చేసరికి హాల్లో ఒక్క కుర్చీ కూడా లేదు, అందరూ బ్యాడ్జీలతో గోడవారగా నిలబడి ఉన్నారు.

"కుర్చీలేవయ్యా?" అన్నాడాయన.

"నేను ఉపాధ్యక్షుణ్ణి సార్. చెప్పుడే నా పని, మోసుడు కాదు," అన్నాడు భరత్.

డీన్ బ్యాడ్జీలన్నీ వరసగా చదివాడు. "అందరూ పల్లకీ ఎక్కేవాళ్లయితే మోసేదెవరు? ఒక్క మామూలు సభ్యుడైనా లేని సంఘానికి గుర్తింపు ఇవ్వను. నేను టీ తాగొచ్చేలోగా ఒకణ్ణి చూపించండి. లేదా రద్దు."

సంఘం పోతే రవికిరణ్ బయోడేటా అబద్ధమైపోతుంది.

"బాబ్బాబూ, ఈ ఒక్కరోజూ సభ్యుడిగా ఉండరా," అని భరత్‌ను బతిమాలాడు.

"గిదేంది అన్నా. ఊర్లె అందరికీ చెప్పిన. ఇజ్జత్ పోతది."

బ్లెస్సీ వైపు తిరిగాడు. "మా చర్చిలో అనౌన్స్ చేసేశారు. మమ్మీ పరేషాన్ అయిపోతుంది," అంది ఆమె.

గౌరవ సలహాదారులైతే అతని ముఖం కూడా చూడలేదు. సిగ్గులేని జాతి అని మనసులో తిట్టుకుని, ఇక ఉపన్యాసమే దిక్కని గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా, పదవిని త్యాగం చేసేవాడే నిజమైన నాయకుడు. అలాంటి మహానుభావుడు మనలో ఒక్కడు లేడా?"

బ్లెస్సీ మెల్లగా అంది, "ఉన్నాడుగా. నువ్వే."

చప్పట్లు మోగాయి. సంఘం పుట్టాక ఏకగ్రీవంగా జరిగిన మొదటి తీర్మానం అదే. ఉపాధ్యక్షుడు కనుక భరత్ అప్పటికప్పుడే అధ్యక్షుడైపోయాడు.

"ఇగ షురూ చేద్దాం," అన్నాడు భరత్, డీన్ రావడం చూసి. "మన సభ్యుడేడి? జర కుర్చీలు తెమ్మనుండ్రి."

మూడో కుర్చీ మోసేసరికి అద్దె కోటు చంకలో చిరిగింది. వేదిక మీద కొత్త అధ్యక్షుడు సేవ గొప్పతనం గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

సేవకే మొదటి స్థానమని రాసిచ్చినవాళ్లలో మాట నిలబెట్టుకున్నది రవికిరణ్ ఒక్కడే.