బెల్‌గ్రేవ్ బిళ్ల

ఆ ఉదయం డెట్రాయిట్ శివార్లలోని టెస్ట్ ట్రాక్‌కు లోర్న్ హావర్‌క్యాంప్ ఇస్త్రీ నలగని సూటులో వచ్చాడు. పది గంటలకు కంపెనీ చైర్మన్ ప్రెంటిస్ వస్తున్నాడు. కంపెనీ ఒకే అడుగు చట్రం మీద రెండు కార్లు చేస్తోంది: మామూలు జనానికి పికెట్, డబ్బున్నవాళ్లకు బెల్‌గ్రేవ్. ఇంజను, తలుపులు, సీట్లు అన్నీ ఒకటే. బెల్‌గ్రేవ్‌కు మెత్తటి స్ప్రింగులు, చప్పుడు వినిపించనివ్వని దళసరి అట్టలు అదనం. నడిపితే తేడా తెలియకపోతే బెల్‌గ్రేవ్ విభాగాన్ని మూసేస్తానని చైర్మన్ తేల్చి చెప్పాడు. ఆ విభాగానికి అధిపతి లోర్నే.

“కళ్లకు గంతలు కట్టినా తెలిసిపోతుంది సార్,” అని ఫోన్లో గొప్పగా మాటిచ్చేశాడు.

రెండూ బూడిదరంగు కార్లే. మెకానిక్ ఫ్లాయిడ్ మెరుగు పెట్టడానికి పేరు బిళ్లలు ఊడదీసి, తీరిగ్గా కాఫీ తాగొచ్చి, మళ్లీ బిగించాడు.

ముందు బెల్‌గ్రేవ్ ఎక్కారు. చైర్మనే నడిపాడు.

“చూశారా సార్, గుంట వచ్చింది, పోయింది. మనకేమైనా తెలిసిందా?”

“ఉయ్యాల్లో కూర్చున్నట్టుందయ్యా,” అన్నాడు చైర్మన్.

తరువాత పికెట్. మొదటి మలుపులోనే లోర్న్ నడుం పట్టుకుని మూలిగాడు. “పాపం సార్, ఇది కొనేవాళ్లు ఎలా భరిస్తున్నారో.”

“నా పళ్లు కదిలాయి,” అన్నాడు చైర్మన్. “ఇంత తేడా ఉంటుందనుకోలేదు. నీ విభాగం ఉంటుందిలే. ఆ బెల్‌గ్రేవ్ స్ప్రింగులేమిటో కాస్త చూపించు.”

లోర్న్ ప్రాణం లేచొచ్చింది. బెల్‌గ్రేవ్ బిళ్ల ఉన్న కారు పైకెత్తించాడు. ఫ్లాయిడ్ కిందికి తొంగిచూసి, బుర్ర గోక్కుంటూ లోర్న్ దగ్గరికొచ్చాడు.

“సార్, బిళ్లలు తారుమారు చేసినట్టున్నాను. ఇవి పికెట్ స్ప్రింగులు.”

“మెల్లగా ఏడువు.”

“ఇప్పుడు మార్చేయనా?”

“ఆయన నీ వెనకాలే ఉన్నాడు.”

చైర్మన్ రెండు కార్లనూ మార్చి మార్చి చూశాడు. లోర్న్ నడుం వంకా ఓసారి చూశాడు.

“అయితే స్ప్రింగులూ అట్టలూ దండగే. బిళ్ల ఒక్కటి చాలన్నమాట.”

“విభాగం మూసేస్తారా సార్?” అని అడిగాడు లోర్న్.

“ఎందుకు మూస్తాను? బ్రహ్మాండంగా పనిచేస్తోంది కదా.”

అన్న మాట ప్రకారం బెల్‌గ్రేవ్ విభాగాన్ని చైర్మన్ మూయలేదు; సోమవారం నుంచి అందులో ఫ్లాయిడ్ ఒక్కడే ఉద్యోగి.