శ్వేతశకట తాళోద్ధరణం

మహావీరుల కథలు చెప్పి చెప్పి అలసిన వాగ్దేవీ, ఈ ఒక్క ఆదివారం మధ్యాహ్నం నీ నాలుకను మాకు అరువియ్యి తల్లీ. రథగజతురగపదాతులతో పనిలేదు. ఉన్నది ఒకటే రథం. అదీ తెల్లది, ఎడమ తలుపు మీద చిన్న సొట్టతో ఇంటి ముందు నిలిచి ఉన్నది. సహస్రకిరణుడు నడినెత్తిని దాటి ఎదురింటి నీళ్ళట్యాంకు వెనక్కి జారడానికి సన్నాహపడుతుండగా, వీధికుక్కలు సైతం బండ్ల కింద నీడ వెతుక్కొని శయనించి ఉండగా, డాబాల మీద ఆరేసిన దుప్పట్లు గాలి లేక విజయధ్వజాల్లా ఎగరవలసినవి కాస్తా దుప్పట్లలాగే వేలాడుతుండగా, రెండూ పది నిమిషాల శుభలగ్నంలో, అక్షాంశరేఖాంశవిశారదుడు, సప్తసాగరనామధారణాధురంధరుడు, హైస్కూలు పిల్లలకు భూగోళం బోధించే మాస్టారు భోజనాల బల్ల మీద పాత పేపరు పరచి, దాని నట్టనడుమ అరచేతిలో ఇమిడే నల్లని కారు రిమోట్‌ను ఉంచి, యుద్ధం ప్రకటించాడు.

యుద్ధకారణం వినండి. మూడు వారాలుగా ఆ రిమోట్ మూగనోము పట్టింది. ఎంత నొక్కినా కారు పలకదు. రిమోట్‌లోనే మడతపడి ఉండే ఇనప తాళంతో తలుపు తెరవవచ్చు. కానీ తెరిచిన మరుక్షణం, ఎవడో దొంగ చొరబడ్డాడని భ్రమించి ఆ శకటం ప్రళయకాలమేఘగర్జనను తలదన్నే కేకలు లంకించుకుంటుంది. లోపల కూర్చొని, తాళం దూర్చి, ఇంజను మొదలుపెట్టేదాకా దాని నోరు మూతపడదు. ఆ కాస్త వ్యవధిలోనే వీధిలో నాలుగు కిటికీలు తెరుచుకుంటాయి, అయిదు తలలు బయటికొస్తాయి.

ఆ రథానికి నిత్యసారథి మాస్టారి భార్య. ఆమె ఆసుపత్రిలో ప్రసూతి వార్డు నర్సు. లోకంలోకి వచ్చే ప్రాణాలకు మొట్టమొదట చేతులు చాచే ఇల్లాలు. మధ్యాహ్నం డ్యూటీకి ఆమె బయలుదేరేది మూడున్నరకు. పక్కింటి చంటిదానికి కునుకు పట్టేదీ సరిగ్గా ఆ వేళకే. ఆ పసిగుడ్డు పుట్టి ఇరవై రెండు రోజులు. పుట్టినప్పుడు తొలిసారి ఎత్తుకున్నది ఈ నర్సమ్మే. తాను లోకంలోకి తెచ్చిన బిడ్డను తానే రోజూ నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేలా చేయవలసిరావడం ఎంత కర్మ! పక్కింటి బాలింత ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. నిన్న మాత్రం బిడ్డను భుజాన వేసుకొని ప్రహరీగోడ దగ్గర నిలబడి, "అక్కా, రేపు కూడా మూడున్నరకేనా?" అని అడిగింది. అందులో నిష్ఠూరం లేదు. కాస్త నిష్ఠూరమాడినా బాగుండేదని నర్సమ్మ ఇంటికొచ్చి బాధపడింది. ఇవాళ అన్నాల దగ్గర, కారు వద్దనీ, రెండు బస్సులు మారి వెళ్తాననీ ప్రశాంతంగా చెప్పింది. ఎనిమిది గంటలు కాళ్ళ మీద నిలబడే మనిషి అలా ప్రశాంతంగా చెప్పేసరికి, "వచ్చే ఆదివారం చూస్తాలే" అని మూడు వారాలుగా దాటవేస్తూ వచ్చిన మాస్టారి గొంతులో ముద్ద అడ్డం పడింది. ఆ ముద్దను మంచినీళ్ళతో దింపుకొని ఆయన కంకణం కట్టుకున్నాడు.

ఈ రణరంగానికి ఒక ప్రేక్షకుడు ఉన్నాడు. కిటికీ పక్క కుర్చీలో పుస్తకం తెరిచిపెట్టుకొని, దాన్ని చదవకుండా కూర్చున్న ఆ పెద్దమనిషి మాస్టారి మామగారు. బీరువా అంత వెడల్పు కొట్టులో ముప్పై ఎనిమిదేళ్ళు చేతిగడియారాలు బాగుచేసిన ఘనుడు. క్షణాల్ని పట్టకారుతో పట్టి, నిమిషాల్ని నూనెచుక్కతో నడిపించిన కాలచక్రచికిత్సకుడు. కుడిచేతికి వణుకు వచ్చాక కొట్టు మూసి, ఏడాదిగా కూతురింట ఉంటున్నాడు. పదకొండేళ్ళుగా అల్లుణ్ణి "మీరు" అని తప్ప పిలిచి ఎరగడు. ఆ గౌరవం గోడంత మందం. గోడకు ఇటుపక్క నుంచి ఈయన "మామయ్యగారూ, భోంచేశారా" అంటాడు, అటుపక్క నుంచి ఆయన "మీరు కానివ్వండి" అంటాడు. అంతకుమించి వాళ్ళిద్దరి మధ్య పెద్దగా మాటలు నడిచింది లేదు.

ప్రథమ సమరం రిమోట్ పై పెంకుతో జరిగింది. మాస్టారు ముందు గోరుతో పొడిచాడు, గోరు విరిగింది. నాణెంతో తిప్పాడు, నాణెం జారింది. చివరకు బల్లపరుపు స్క్రూడ్రైవర్ అనే మహాస్త్రాన్ని సందులో దూర్చి మెలిపెట్టగా, ఆ శత్రుదుర్గం టక్కున రెండు చెక్కలైంది. లోపల ఉన్న బిళ్ళ బ్యాటరీని పీకి, పొద్దున్నే కొనితెచ్చిన కొత్తబిళ్ళను అమర్చి, మూత బిగించి, అలెగ్జాండరు సైతం అసూయపడే నడకతో బయటికి వెళ్ళి మీట నొక్కాడు. కారు కిమ్మనలేదు. పది అడుగులు దగ్గరికెళ్ళి నొక్కాడు. అద్దానికి ఆనించి నొక్కాడు. ఊహూఁ. వెళ్ళినంత విజృంభణతో తిరిగి రావడం ఎవరికీ సాధ్యం కాదు గనుక, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. మామగారు గొంతు సవరించుకొని పుస్తకంలో పేజీ తిప్పాడు. లోపలి గదిలో నర్సమ్మ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

ద్వితీయ సమరంలో క్రోధం పాలు ఎక్కువైంది. జబ్బు బ్యాటరీలో లేదంటే ఆ బ్యాటరీ కింద ఆకుపచ్చగా మెరిసే సర్క్యూట్ పలకలో ఉండాలని నిర్ణయించి, మాస్టారు దాన్ని పెంకులోంచి పెకలించబోయాడు. పెకలించడంలో బలం కాస్త ఎక్కువ పడింది. పలక ఊడివచ్చింది. దానితోపాటు బియ్యపుగింజలో సగం ఉండే నల్లని తునక ఒకటి ఎగిరి, బల్ల అంచుకు తగిలి, భూతలంలో ఎక్కడో అంతర్ధానమైంది.

మాస్టారి ముఖం పాలిపోయింది. ఆ తునక ఏమిటో ఆయనకు తెలుసు. పొద్దున ఫోనులో చూసిన వీడియోలో ఒకడు దాన్ని వేలి మీద పెట్టుకొని మరీ హెచ్చరించాడు, ఈ చిప్ పోతే ఇంజను మొదలవ్వదని. ఇందాకటిదాకా కారు అరిచినా కదిలేది. ఇప్పుడిక అరుస్తుందే గాని కదలదు. వెతకడానికి ఆయన వంగి ఒక అడుగు ముందుకు వేయబోయాడు.

"కదలకురా."

ఆ మాట కిటికీ వైపు నుంచి వచ్చింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి మాస్టారు తల తిప్పాడు. పదకొండేళ్ళ గోడ ఒక్క "రా" దెబ్బకు కూలింది. అన్న మనిషికి తానేమన్నదీ తెలియలేదు. పుస్తకం పక్కన పడేసి, తల కాస్త వంచి, చెవితో నేలను చూస్తున్నాడు.

"చిన్నది, కుడివైపు పడింది. రెండుసార్లు ఎగిరిన చప్పుడైంది. ఉన్నచోటే పడుకో."

"ఎక్కడ మామయ్యా?"

"నేల మీద. టార్చి పైనుంచి వేస్తే ఏమీ కనపడదు. నేలకి ఆనించి అడ్డంగా వెయ్యి. నీడలు చూడు, వస్తువుల్ని చూడకు."

సప్తసాగరనామధారణాధురంధరుడు బోర్లా పడుకొని, చెంప నేలకు ఆనించి, ఫోనులోని దీపాన్ని అడ్డంగా ప్రసరింపజేశాడు. ఆహా, ఏమా దృశ్యం! నిత్యం తాను నడిచే నేలే అపరిచిత ఖండమై కళ్ళెదుట సాక్షాత్కరించింది. పెన్సిలు ముక్క ఒకటి కోటబురుజంత నీడను పరిచింది. తలపిన్ను వంతెనలా కనిపించింది. ఎన్నడో పోయి, పనిమనిషి మీద అనుమానం కూడా పడి, చివరకు ఎవరూ వెతకడం మానేసిన చెవిదుద్దు సీల బల్లకాలు పక్కనే స్తంభంలా నిలిచి ఉంది. అక్కడికి జానెడు దూరంలో, బీరువా కాలి నీడ అంచున, మరో బుల్లి నీడ. మాస్టారు ఊపిరి బిగబట్టి చూపుడువేలు తడిచేసుకొని దాని మీద అద్దాడు. చిప్ వేలికి అంటుకొని పైకి లేచింది.

ఇక మామగారు కుర్చీలో నిలవలేకపోయాడు. మంచం కింది నుంచి తుప్పురేకు పెట్టె ఒకటి లాక్కొచ్చి బల్ల మీద పెట్టాడు. కొట్టు మూసినా పారేయలేకపోయిన సామాను అది. అందులోంచి భూతద్దం తీసి కంటికి బిగించి, ఆకుపచ్చ పలకను వెలుగులో అటూ ఇటూ తిప్పి, లోపం రెండు నిమిషాల్లో పట్టాడు. మీట కింద ఉండే బుల్లి స్విచ్చుకు నాలుగు కాళ్ళు, అందులో ఒక కాలి దగ్గర టంకం వెంట్రుకంత చీలి ఊడిపోయింది. అంతే సంగతి. ఇన్ని కేకలకూ, ఇన్ని నిద్రలు చెడడానికీ మూలం ఒక వెంట్రుకవాసి.

ఆయన పెట్టెలోంచి టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ తీసి వేడిపెట్టి, అలవాటుగా పట్టకారు అందుకున్నాడు. దాని మొన పలకకు తగిలీ తగలకముందే టకటకమని కొట్టుకోసాగింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. పట్టకారును మెల్లగా పేపరు మీద పెట్టేశాడు. లోపలి గదిలో ఇస్త్రీ చప్పుడు ఆగింది. మాస్టారు ఎటు చూడాలో తోచక టంకం తీగ చుట్టను చూస్తూ కూర్చున్నాడు.

"చూడ్డం నేను చూస్తాను, చెయ్యడం నువ్వు చెయ్యి" అన్నాడు మామగారు.

ఇటువంటి ఘట్టంలో వీరుడైనవాడు, "ఓ కాలచక్రనియామకా! త్వదీయదృష్టియే నాకు సారథియై యుండ, మదీయహస్తద్వయము నీ యాజ్ఞకు గాండీవమై వర్తించుగాక!" అని ఎలుగెత్తి పలకవలసింది. మాస్టారికి అంతా లోపల అలాగే అనిపించింది కూడా. నోటివెంట వచ్చింది మాత్రం "సరే మామయ్యా" అనే.

అంతట తృతీయ సమరం మొదలైంది. అల్లుడి చేతులు, మామ కన్ను. టంకం తీగకు కాదు, స్విచ్చు కాలికి వేడి చూపించమన్నాడు ఆయన. తొందరపడవద్దన్నాడు. చెయ్యి అదురుతోందని మాస్టారు వాపోగా, "అందరికీ అదురుతుంది. ఊపిరి పూర్తిగా వదిలేశాక ఒక్క క్షణం చెయ్యి నిలబడుతుంది. ఆ క్షణంలో పని చేసుకోవాలి. నేను అంతకాలం అలాగే చేశాను" అని చెప్పాడు. మాస్టారు ఊపిరి వదిలాడు. క్షణం నిలబడింది. ఐరన్ మొన తాకింది, తీగ కరిగింది, సన్నని పొగ ఒకటి లేచింది, మంచుబిందువు లాంటి చుక్క ఒకటి కాలి చుట్టూ ఒదిగి మెరిసింది. మామగారు భూతద్దంలోంచి చాలాసేపు చూసి, తల పైకీ కిందికీ ఆడించాడు.

చిప్‌ను దాని గూట్లో పెట్టారు, పలకను అమర్చారు, బిళ్ళ వేశారు, పెంకు నొక్కారు. మూడూ ఇరవై అయింది. ఇస్త్రీ మడతలు నలగని యూనిఫాంలో, భుజాన సంచీతో నర్సమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ముగ్గురూ చెప్పులేసుకొని కారు దగ్గరకు నడిచారు. మాస్టారు చెయ్యి చాచి మీట నొక్కాడు.

కారు ఉలకలేదు, పలకలేదు.

దిక్కులు స్తంభించాయి. ఎక్కడో కాకి అరిచింది. నర్సమ్మ సంచీ సర్దుకొని బస్‌స్టాపు వైపు చూసింది. అప్పుడు మామగారు మెల్లగా అడిగాడు.

"బిళ్ళ ఎటు పెట్టావు?"

మాస్టారు పెంకు విప్పి చూశాడు. పదిహేడేళ్ళుగా నల్లబల్ల మీద ఉత్తరధ్రువాన్ని పైనా దక్షిణధ్రువాన్ని కిందా పొరపాటు లేకుండా గీస్తున్న మహానుభావుడు, బ్యాటరీ ధనధ్రువాన్ని తలకిందులు చేసి కూర్చోబెట్టాడు. ఈ సంగతి బడిలో తెలిస్తే తన గతేమిటని ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నర్సమ్మ పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకోబోయి, ఆపుకోలేక అటు తిరిగింది. బిళ్ళ తిరగబడింది. పెంకు మూతపడింది. మీట నొక్కుడు పడింది.

"టుక్" అంది కారు. పసుపు దీపాలు రెండుసార్లు మెరిశాయి. అంతే. అరుపు లేదు, గర్జన లేదు.

నర్సమ్మ నమ్మలేక ఇంకోసారి నొక్కమంది. టుక్. మళ్ళీ నొక్కమంది. టుక్. ఆమె తాళం కోసం చెయ్యి చాచేలోగా తండ్రి చెయ్యి ముందుకొచ్చింది.

"ఏదిరా, ఒకసారి ఇటివ్వు."

వణికే బొటనవేలు మీట మీదికి చేరింది. వణుకు వల్ల అది ఒకసారి నొక్కబోయి రెండుసార్లు నొక్కింది. కారు మూతపడి, మళ్ళీ తెరుచుకుంది. రెంటికీ మర్యాదగా జవాబిచ్చింది. పెద్దాయన ఫక్కున నవ్వాడు. కూతురు ఆయన చేతిని తాళంతో సహా తన రెండు చేతుల్లోకి తీసుకొని, కాసేపు అలాగే పట్టుకొని, తర్వాత తాళం మాత్రం తీసుకుంది.

కనుక దశదిశల వారూ వినండి. ఆ ఆదివారం మూడూ ముప్పైకి ఒక తెల్లకారు తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఒక్క కిటికీ తెరుచుకోలేదు. పక్కింట్లో ఇరవై రెండు రోజుల మహారాణి గుప్పిళ్ళు బిగించి, నోరు కొంచెం తెరిచి, అయిదింటిదాకా నిద్రపోయింది. జయం! విజయం! దిగ్విజయం!