నడిమధ్య కుర్చీ

పాట వినడానికి రెండు చెవులు చాలని ఇంకా నమ్ముతున్నవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఒకరు ఎదురుగా కూర్చుని పాడటం, మనం వాళ్ళ మొహం చూస్తూ వినడం! ఇంతకంటే మోటు పద్ధతి ఉంటుందా, మీరే చెప్పండి?

నేను మాత్రం ఎదిగిపోయాను. ప్రయోగాత్మక సంగీతం నేర్పే ఒక మాస్టారి దగ్గర చేరాను. ఆయన గదిలో గోడలకు స్పీకర్లు, మూలల్లో స్పీకర్లు, సీలింగుకు వేలాడుతూ స్పీకర్లు. ఒక్కోదానికి ఒక్కో ఛానెల్, అంటే దేని చప్పుడు దానిదే. ఒక చప్పుడును కిటికీ దగ్గర పుట్టించి, మన నెత్తి మీదుగా నడిపించి, తలుపు దగ్గర చంపేయొచ్చు. పాపం, దాన్ని ఎందుకు చంపాలని మాత్రం అడక్కండి. నేను అడిగితే మాస్టారు నాతో వారం రోజులు మాట్లాడటం మానేశారు.

ఈ విద్య వల్ల లాభాలు అన్నీ ఇన్నీ కావు! ఇదివరకు పై వాటా ఆయన కుర్చీ ఈడిస్తే నాకు ఒళ్ళు మండేది. పక్కింట్లో డ్రిల్లింగు, కింద స్టార్టవని బండి, బాత్‌రూములో కారే కుళాయి, అన్నీ ఒకేసారి మొదలైతే తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. ఇప్పుడో? కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాను. పైన ఒక ఛానెల్, పక్కన ఒక ఛానెల్, కింద ఒక ఛానెల్! చెవి చుట్టూ తిరిగే దోమనైతే చంపబుద్ధే కావడం లేదు. ఎంత సాధన చేస్తే వస్తుందండీ ఆ నడక!

ఇందులో ట్యూన్ ఏదని అడిగే అమాయకులూ ఉంటారు. మా క్లాసులో కొత్తగా చేరినావిడ అడిగేసింది కూడా.

"ట్యూనా? అది ఎప్పుడో దాటి వచ్చేశాం కదమ్మా!" అన్నారు మాస్టారు. దిగాల్సిన స్టాపు దాటాక నిద్ర లేచిన ప్రయాణికుణ్ణి కండక్టర్ చూసినట్టు చూశారావిణ్ణి.

శబ్దం అందరినీ సమానంగా చుట్టుకుంటుందన్నది ఆయన మొదటి పాఠం. రెండో పాఠం, ఆయన కుర్చీ. గది నడిమధ్య నేల మీద పసుపు టేపు అతికించి, దాని మీద ఒకే ఒక్క కుర్చీ వేస్తారు. ప్రతి స్పీకర్ నుంచీ మాస్టారి చెవి దాకా శిష్యులం దూరం కొలుస్తాం. ఆయన దిండు వేసుకుని కూర్చుంటే మళ్ళీ కొలుస్తాం. మిక్సింగంతా ఆ రెండు చెవుల కోసమే. మేమేమో గోడలకు ఆనుకుని నిలబడతాం. నా వంతుకు వెనక మూల స్పీకర్ వచ్చింది. అందులోంచి బుస్సుమన్న చప్పుడు తప్ప ఇంకేమీ రాదు. సంగీతమంటే అదేనని నేర్చుకుంటున్నాను.

ఈ భాగ్యం నాకొక్కడికేనా? కొత్త రచనకు ఒక గొంతు కావాలని మాస్టారు అనగానే మా అక్కను లాక్కెళ్ళాను. అక్క కుట్టు మిషన్ ముందు కూర్చుని ఒక పాట పాడుకుంటుంది. అమ్మ కట్టుకున్న పాట. అమ్మ పోయాక అది అక్క గొంతులో తప్ప ఇంకెక్కడా లేదు. రికార్డింగ్ అయ్యాక అక్క మొహం వెలిగిపోయింది.

"నేను పాడుతుంటే నాకు సరిగ్గా వినపడదురా. అమ్మ పాడుతుంటే విన్నట్టు, ఒక్కసారి ఊరికే కూర్చుని వినాలి," అంది.

మాస్టారు ఆ పాటను ముక్కలు చేశారు. మాటలు ఒక స్పీకర్‌కు, రాగాలు ఇంకో స్పీకర్‌కు, మధ్య మధ్య అక్క ఊపిరి తీసుకున్న చప్పుళ్ళు తలుపు పక్క స్పీకర్‌కు. కుర్చీలో కూర్చుంటే అన్నీ కలిసి పాటవుతుందట. అద్భుతం కాదూ?

ప్రదర్శనకు అక్క మంచి బట్టలు కట్టుకుని అందరికంటే ముందు వచ్చింది. ఖాళీగా ఉంది కదా అని నేరుగా వెళ్ళి నడిమధ్య కుర్చీలో కూర్చుంది. మాస్టారు నవ్వుతూ లేపారు.

"అది నా చోటమ్మా. మీరు ఎక్కడ కూర్చున్నా ఒకటే. శబ్దం అందరినీ సమానంగా చుట్టుకుంటుంది!"

ఈలోగా ఆ రోజు కోసం గోడల వెంట వేసిన కుర్చీలు నిండిపోయి, మాకు తలుపు పక్కన రెండే దొరికాయి. లైట్లు ఆరాయి. అక్క చెవి పక్కన "హా" అని ఒక ఊపిరి వినపడింది. కాసేపాగి ఇంకోటి. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని ఓపిగ్గా వింది. చివరికి నా వైపు వంగి, "పాట ఎప్పుడు మొదలవుతుందిరా?" అంది.

అప్పటికే అయిపోవచ్చింది. నడిమధ్య కుర్చీలో మాస్టారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. మా అమ్మ పాటకు!

లైట్లు వెలిగాక ఆయన దగ్గరికి వెళ్ళి, "మా అక్కకు పాట వినపడలేదండీ," అన్నాను.

"తలుపు పక్కన కూర్చుంటే ఏం వినపడుతుందయ్యా?" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ.

కాబట్టి ఈ విద్యను ఎవరూ శంకించకండి. గదినిండా పాట ఉంది, చాలా బాగుంది కూడా, మాస్టారి కన్నీళ్ళే సాక్ష్యం. ఆయన ఎప్పుడైనా టీ తాగడానికి లేస్తే నాకు కాస్త కబురు చేయండి, చాలు. అక్కను తీసుకుని పరిగెత్తుకొస్తాను. స్పీకర్ల దూరాలు మాత్రం మళ్ళీ కొలవాలి. అక్క ఆయనకంటే పొట్టి.